ముందుగా అడుగు పెట్టేవాడి జాగ్రత్త

ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చిన ఏడుగురు బోరు కూలీలు, ఒక ఒడియా డ్రైవరు, హిందీ మాట్లాడే సూపర్‌వైజరు, ఇంగ్లీషులో ఉన్న అరవై పేజీల ఫైలు. కొన్నేళ్ల కిందట ఒడిశా సరిహద్దులో మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ ఆవరణలో మట్టి నమూనాలు తీసే పనికి దుబాసీగా వెళ్లిన మొదటి ఉదయం నేను చూసింది ఇది. ఫైలు మీద 'హెల్త్ అండ్ సేఫ్టీ ప్లాన్' అని ఉంది. సూపర్‌వైజరు ఆఖరి పేజీ తెరిచి, వీళ్లతో సంతకాలు పెట్టించమన్నాడు. చదివి వినిపించమని మాత్రం అనలేదు.

సంతకం పెడుతూ ఒకాయన అడిగాడు: "ఏటి రాసుంది బాబూ ఇందులో?"

చెప్పబోతే సగం మాటలకు నా దగ్గరే తెలుగు లేదని తేలింది. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

అసలు చిక్కు

విషం చేరిన స్థలాన్ని పరిశోధించడమంటే మొదట పాత కాగితాలు చూస్తారు. తర్వాత స్థలమంతా నడిచి చూస్తారు. ఆ తర్వాత గోతులు తవ్వి, బోర్లు వేసి, మట్టి, నీరు, కొన్నిసార్లు భూమిలోపలి గాలి కూడా తీసి ల్యాబుకు పంపుతారు. రిపోర్టు వచ్చాకే అక్కడ ఏముందో, ఎంతుందో తెలుస్తుంది. కానీ రక్షణ ఏర్పాట్లు తవ్వకానికి ముందే కావాలి. దేన్ని కనుక్కోవడానికి వెళ్తున్నామో దాని నుంచే ముందుగా కాచుకోవాలి. మామూలు ఫ్యాక్టరీ భద్రతకూ దీనికీ తేడా ఇక్కడే. ఫ్యాక్టరీలో ఏ పైపులో ఏం పారుతుందో ఎవరో ఒకరికి తెలుసు. మూతపడ్డ స్థలంలో ఆ తెలిసినవాళ్లు ఎప్పుడో ఇళ్లకు వెళ్లిపోయారు.

ఈ చిక్కును ముందుగా చట్టంగా రాసుకున్న దేశాల్లో అమెరికా ఒకటి. లవ్ కెనాల్ అనే పేటలో పాతిపెట్టిన రసాయనాలు ఇళ్లలోకి ఊరి దేశమంతా గగ్గోలు పుట్టాక, 1980లో అలాంటి స్థలాలను శుద్ధి చేయించే 'సూపర్‌ఫండ్' చట్టం వచ్చింది. శుద్ధి చేసే పనివాళ్ల రక్షణకు విడిగా నిబంధనలు 1989లో ఖరారయ్యాయి. వాటి ప్రకారం అలాంటి స్థలంలో మామూలుగా పనిచేసే మనిషికి ముందే 40 గంటల శిక్షణ, ఆపైన తెలిసినవాళ్ల పర్యవేక్షణలో మూడు రోజుల ఫీల్డు అనుభవం, ఏటా 8 గంటల పునశ్చరణ ఉండాలి. మా ఏడుగురికీ దొరికింది ఒక సంతకం, ఒక టీ.

మన దగ్గర 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు నోటిఫై అయ్యాయి. అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థలు గానీ, జిల్లా యంత్రాంగం గానీ ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గడువులోపల వాటిని పరిశీలించి తేల్చాలి. ఖర్చు కలుషితం చేసినవాళ్లే పెట్టుకోవాలి. మంచిదే. అయితే జాబితా పెరిగేకొద్దీ తవ్వి చూడాల్సిన చోట్లు పెరుగుతాయి, తవ్వే చేతులూ పెరుగుతాయి. ఆ చేతులు ఎక్కువగా రోజు కూలీలవే.

పాదరసం ఉదాహరణ

గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు పేరు వినగానే చాలామందికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుర్తొస్తాయి. శాస్త్రవేత్తలకు ఇంకోటి కూడా గుర్తొస్తుంది. ఆ ప్రాంతంలో పాదరసం సెల్‌లతో కాస్టిక్ సోడా తయారయ్యేది. చుట్టుపక్కల మట్టిలో, నీటిలో, మొక్కల్లో పాదరసాన్ని కొలిచి బరంపురం విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980ల్లోనే వ్యాసాలు ప్రచురించారు.

ఆ తయారీ పద్ధతి తెలిస్తే ప్లానులో ఏం రాయాలో సగం తెలిసినట్టే. ఉప్పునీటిలోకి కరెంటు పంపితే ఒకవైపు క్లోరిన్ వస్తుంది. ఇంకోవైపు పాదరసం పొరలో సోడియం కలిసిపోతుంది. ఆ మిశ్రమాన్ని నీటితో కడిగితే కాస్టిక్ సోడా, హైడ్రోజన్ వస్తాయి, పాదరసం తిరిగి వాడకానికి వెళ్తుంది. 'తిరిగి వెళ్తుంది' అన్నది కాగితం మీద. కొంత ఉప్పు మడ్డిలోకి, కొంత మురుగునీటిలోకి, కొంత ఆ సెల్‌లు ఉండే షెడ్డు నేల పగుళ్లలోకి పోతుంది. నీటికన్నా 13 రెట్లకు పైగా బరువు కాబట్టి పగులు ఎంత లోతుంటే అంత లోతుకి దిగి కూర్చుంటుంది. దేశంలో పాదరసం సెల్ పద్ధతికి స్వస్తి చెప్పాలని ప్రభుత్వం, పరిశ్రమ 2003లో ఒప్పుకున్నాయి. సెల్‌లు పోయినా నేల ఎక్కడికీ పోదు కదా.

పాదరసం ప్రమాదం ముట్టుకోవడంలో కన్నా పీల్చడంలో ఎక్కువ. వాసన లేదు, రంగు లేదు, ముక్కు మండదు. 20 డిగ్రీల దగ్గర మూసిన గదిలో గాలి పట్టగలిగినంత పాదరసపు ఆవిరి పడితే, ఘనపు మీటరుకు దాదాపు 13 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎనిమిది గంటల పనికి అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు సూచించే హద్దు 0.025 మిల్లీగ్రాములు. అంటే ఐదు వందల రెట్లు. ఎండ పెరిగేకొద్దీ ఆవిరీ పెరుగుతుంది. ఆరుబయట గాలి చెదరగొడుతుంది కాబట్టి అంత చేరదు. గోతిలో, పాత షెడ్డులో, టార్పాలిన్ కింద ఆ భరోసా లేదు.

కూలీల నడుముకు తగిలించే నాలుగు గ్యాసుల మీటరు ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూస్తుంది. పాదరసాన్ని చూడదు. దానికి వేరే మీటరు ఉంది, ఖరీదు ఎక్కువ, అద్దెకైనా తేవాలి. ప్లానులో 'గాలి నాణ్యత పరిశీలన' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, పచ్చ లైటు వెలుగుతున్న మీటరు పట్టుకుని మనిషి ధైర్యంగా విషం పీలుస్తాడు. తలకు చుట్టిన తువ్వాలు ముక్కుకు కట్టుకున్నా లాభం లేదు. కరోనా కాలం నాటి ఎన్95 మాస్కూ ఆవిరిని ఆపదు, అది దుమ్మును పట్టడానికే. పాదరసానికని చేసిన కార్ట్రిడ్జి, అంటే వడపోత డబ్బా, ఉన్న మాస్కే వాడాలి, దాన్ని కూడా రాసిన గంటల ప్రకారం మార్చాలి.

ఇక బంగారం. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది, రెండూ కలిసిపోతాయి. అందుకే ఉంగరాలు, చెవిపోగులు, పుస్తెలు లోపలికి తీసుకెళ్లకూడదు. ఇంగ్లీషు ప్లానులో ఇది 'నగలు తీసివేయవలెను' అన్న ఒక పంక్తి. మట్టి మోసే ఆడవాళ్లకు అది అంత చిన్న మాట కాదు. పుస్తెలు తీయమని పరాయి మగాడు చెప్పగానే ఎవరు తీస్తారు? పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టుకుని వచ్చి, బంగారు పుస్తెలు ఇంట్లో ఉంచి రావడం మా వైపు కొత్త కాదు. పని మొదలయ్యే ముందురోజే, ఆడమనిషి చేత, కారణంతో సహా చెప్పిస్తే సరిపోతుంది. ఇంకో మాట. తెల్లబడ్డ ఉంగరాన్ని కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ఆయన చేసేది కాల్చడమే. ఆ ఆవిరి ఆయన ముక్కులోకి పోతుంది. ఇంతవరకు ఆలోచించిన ప్లాను ఒక్కటీ నేను చూడలేదు.

గడప అవతల, గడప ఇవతల

స్థలాన్ని మూడు భాగాలు చేయమంటారు. విషం ఉన్నది లేదా ఉందనుకుంటున్నది లోపలి భాగం. బయటికి వచ్చేటప్పుడు కడుక్కుని, తొడుగులు విప్పే దారి నడిమి భాగం. ఆఫీసు, నీళ్లు, తిండి ఉండేది బయటి భాగం. ఇంగ్లీషులో హాట్, వార్మ్, కోల్డ్ అంటారు. మా ఏడుగురికి ఈ మూడు భాగాల లెక్క ఎక్కలేదు. చావింటికి వెళ్లి వచ్చినవాళ్లు స్నానం చేయకుండా, కట్టుకున్న బట్ట తడపకుండా గడప దాటరు కదా, అలాగే అన్నాను. అంతే, తర్వాత ఒకరికొకరు తప్పులు చెప్పుకున్నారు. "ఒరే, కాళ్లు కడుక్కోకుండా వచ్చేసేవు" అని.

ఆ పోలికను ఇంకొంచెం సాగదీస్తే క్రమం కూడా బోధపడుతుంది. ముందు బూట్లు, పై చేతి తొడుగులు కడగాలి. తర్వాత సూటు లోపలి వైపు బయటికి వచ్చేలా మడుస్తూ విప్పాలి. మాస్కు దాదాపు చివర్లో. ఆఖరున లోపలి చేతి తొడుగులు. ముఖం, చేతులు సబ్బుతో కడిగాకే నీళ్లు తాగాలి. తోలు చెప్పులు, తోలు బెల్టు రసాయనాన్ని పీల్చుకుంటాయి, వాటిని ఎంత కడిగినా వదలదు. పనిబట్టలు ఇంటికి వెళ్లకూడదు. వెళ్తే వాటిని ఉతికేది భార్యో తల్లో, ఆ నీళ్లు పడేది పెరట్లో, ఆ పెరట్లో పాకేది పసిపిల్ల. ఇంటికి మోసుకెళ్లిన విషం చాలా దేశాల్లో రికార్డయిన విషయమే.

నోటి దారి మరీ మోసం. ఖైనీ నలిపేది ఎడమ అరచేతిలో. శ్రీకాకుళం వైపు పెద్దవయసు ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు, అంటే కాలే కొస నోట్లోనే. చేతికి అంటిన మట్టి చుట్టకు అంటితే, అందులోని పాదరసం నిప్పుకు ఆవిరై తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 'పొగ తాగరాదు' బోర్డు చూసి అందరూ అగ్ని ప్రమాదం గురించేననుకుంటారు.

గడ్డం సంగతి కూడా ఉంది. మాస్కు ముఖానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. అందుకే గడ్డం తీయించుకు రమ్మంటారు. కానీ ఈ తీరాన బోరు పనికి అనువైన కాలం నవంబరు నుంచి జనవరి. సరిగ్గా అప్పుడే అయ్యప్ప మాల. గడ్డం తీయరు, చెప్పులు వేయరు. మాల వేసినవాడిని నియమం తప్పమని అడగడం, ఒట్టికాళ్లతో విషపు మట్టిలోకి పంపడం, రెండూ తప్పే. ఆ నలభై ఒక్క రోజులూ అతనికి బయటి భాగంలో పని ఇవ్వాలి, కూలి తగ్గించకుండా. నమూనా సీసాలకు చీటీలు అంటించడం, రాతకోతలు, నీళ్లు అందించడం కూడా పనులే. గడ్డం ఉన్నా పనిచేసే, ఫ్యానుతో గాలి పంపే ముసుగులు దొరుకుతాయి గానీ ఖరీదైనవి.

సూటు వేస్తే ఎండ, తీస్తే విషం

పాదరసం గురించి ఇంత చెప్పాను గానీ, ఈ తీరంలో నా మొదటి భయం ఎండే. 1998లో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం ఎండను తుఫానులా చూడడం నేర్చుకుంది.

మన ఒళ్లు చల్లబడేది చెమట ఆరడం వల్ల. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు సముద్రపు తేమకు మామూలు చొక్కాలోనే చెమట ఆరదు. దాని మీద ప్లాస్టిక్ సూటు తొడిగితే? ఎండ, తేమ, గాలి మూడూ కలిపి లెక్కించే సూచిక ఒకటుంది, 'వెట్ బల్బ్ గ్లోబ్' అంటారు. మనిషి తొడిగిన బట్టను బట్టి దానికి కొన్ని డిగ్రీలు కలపాలి. మామూలు నూలు పనిబట్టకు ఏమీ కలపక్కర్లేదు. తెల్లగా, తేలిగ్గా ఉండి గాలి కాస్త ఆడే వాడిపారేసే సూటుకు 1 డిగ్రీ. ఆవిరి చొరబడని సూటుకు 11 డిగ్రీలు. అంటే బయట 30 చూపిస్తుంటే లోపలి మనిషికి అది 41తో సమానం. ఆ లెక్కలో బరువు పని కుదరదు.

నా దృష్టిలో ప్లాను అసలు పరీక్ష ఇదే. ఆఫీసులో కూర్చున్నవాడికి బరువైన సూటు రాసెయ్యడం తేలిక, తర్వాత ఎవరూ తప్పు పట్టరు. 'భద్రత పెంచాం' అనిపిస్తుంది. నిజానికి ఒక ప్రమాదం తగ్గించి ఇంకోటి తెచ్చిపెట్టినట్టు. పాత కాగితాలు బాగా చూసి, గాలి వచ్చే వైపు నుంచి మీటరుతో మెల్లగా లోపలికి వెళ్లి, ఎక్కడ ఎంత ఉందో కొలిచి, అవసరం లేని చోట తేలిక తొడుగుకు దిగడానికే నిపుణుడు కావాలి. ఏముందో అసలు తెలియనప్పుడు సొంత గాలి సిలిండరుతో వెళ్లాలి. ఏముందో, ఎంతుందో తెలిసి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకపోతేనే వడపోత మాస్కు. కొలిచేవాడు లేనిచోట అయితే అతి రక్షణ, లేదంటే అసలేమీ ఉండదు.

అమెరికా కార్మిక శాఖ చెప్పే ఒక మాట ఇక్కడ పనికొస్తుంది. ఎండవల్ల పనిలో చనిపోయేవారిలో దాదాపు సగం మంది మొదటి రోజే, డెబ్బై శాతానికి పైగా మొదటి వారంలోనే పోతున్నారు. ఒళ్లు అలవాటు పడలేదు కాబట్టి. కొత్తవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే ఇవ్వాలి, రోజుకు ఐదో వంతు చొప్పున పెంచాలి. పదిహేను, ఇరవై నిమిషాలకొక గ్లాసు నీళ్లు. దాహం వేసేదాకా ఆగకూడదు. నీళ్లు తాగాలంటే తొడుగులన్నీ విప్పి రావాలి కాబట్టి జనం తాగడం మానేస్తారు. ఆడవాళ్లకైతే మరుగుదొడ్డి లేక పొద్దున్నుంచీ నీళ్లు ముట్టకపోవడం మామూలే. అందుకే మరుగుదొడ్డిని కూడా రక్షణ పరికరాల కిందే లెక్కవేయాలి.

మాట తడబడినా, చెప్పింది అర్థం కాకపోయినా అది వడదెబ్బేనని అనుకోవాలి. అంబులెన్సు కోసం చూస్తూ కూర్చోకుండా ముందు సూటు చింపి ఒంటి నిండా నీళ్లు పోయాలి. తర్వాతే బండి.

గొయ్యి, పాము, బీచి ఇసుక

మిగతావి త్వరగా చెప్తాను, వీటి గురించి జనానికి ఎంతో కొంత తెలుసు. మనిషి ఎత్తు గోతిలోకి ఆసరాలు కట్టకుండా దిగకూడదు. మట్టిని గొయ్యి అంచునే గుట్ట పోయకూడదు. పాత సంపులోకి, మ్యాన్‌హోల్‌లోకి దిగే ముందు మీటరును తాడుతో దింపి చూడాలి. ఒకడు లోపల పడిపోతే ఇంకొకడు దూకకూడదు. ఇలాంటి చావుల్లో సగానికి పైగా కాపాడబోయినవాళ్లవేనని పనిచోటి భద్రతను చూసే అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ 1986లోనే రాసింది. బోరు రిగ్గు తిరిగే రాడ్డు దగ్గర తువ్వాలు, చీర కొంగు, వదులు లుంగీ ఉండకూడదు. రిగ్గు మాస్టు, అంటే దాని పొడవాటి స్తంభం, లేపే ముందు పైకి చూడాలి, కరెంటు తీగలు ఉంటాయి. ఏళ్లుగా మూసి ఉన్న ఆవరణలో రక్తపింజరి, కట్లపాము కాపురం ఉంటాయి. బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో మ్యాపు చూసి రాయకూడదు, ముందే ఒకసారి బండి నడిపి చూడాలి.

ఛత్రపురం తీరానికి మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. అక్కడి ఇసుకలో మోనజైట్ ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది. ఆ ఇసుకను తవ్వి ఖనిజాలు వేరుచేసే ప్రభుత్వరంగ సంస్థా అక్కడే ఉంది. ప్రకృతి సహజంగానే ఆ బీచిలో రేడియేషన్ మిగతా చోట్లకన్నా ఎక్కువ. అలాంటి చోట మీటరు కూసిందని పని వదిలి పరుగెత్తడమూ, 'ఇక్కడ ఎప్పుడూ కూస్తుందిలే' అని పట్టించుకోకపోవడమూ రెండూ జరుగుతాయి. అందుకే ముందుగా, ఏ ఫ్యాక్టరీ నీడా పడని దగ్గరి చోట కొలిచి ఊరి మామూలు లెక్క రాసుకోవాలి. ఆ తర్వాతే పనిచోట ఎంత ఎక్కువో తెలుస్తుంది.

ఎవరు ఆపుతారు

ప్రతి ప్లానులోనూ ఒక వాక్యం ఉంటుంది: ప్రమాదం అనిపిస్తే ఏ పనివాడైనా పని ఆపవచ్చు. చదవడానికి బాగుంటుంది. కానీ బోరు మేస్త్రీకి డబ్బు వచ్చేది అడుగుల లెక్కన. ఆపిన గంటకు అడుగులు రావు. ఆయన కింద కూలీకి ఆపే హక్కు ఉందో లేదో గానీ, రేపు పిలుపు మాత్రం ఉండదు. తొడుగులు విప్పి కడుక్కోవడానికి ఇరవై నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. ఆ సమయానికి కూలి ఎవరిస్తారో కాంట్రాక్టులో రాయకపోతే కడుక్కోవడం జరగదు. నన్నడిగితే ప్లాను చూసే ముందు రేట్ల షీటు చూస్తాను. అందులో ఆగిన గంటలకు డబ్బు ఉంటే ప్లాను నిజం. లేకపోతే అది ఆఫీసు అల్మారా కోసం రాసింది.

పనికి ముందూ, తర్వాతా మూత్ర పరీక్ష కూడా అలాంటిదే. పాదరసం ఒంట్లో ఎంత చేరిందో మూత్రంలో తెలుస్తుంది. ముందు కొలత లేకపోతే తర్వాతి కొలతకు విలువ లేదు, 'చేపలు తిని వచ్చిందేమో' అనేస్తారు. (చేపలో ఉండేది వేరే రూపం, అది ఎక్కువగా రక్తంలో తెలుస్తుంది. ఆ వాదన నిలవదు.) రిపోర్టు కూలీ చేతికే ఇవ్వాలి, అతనికి అర్థమయ్యే భాషలో. గంజాంలో అంటే కనీసం ఒడియా, తెలుగు. తీరం వెంట చేపలు పట్టే నోళియాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే, అయితే చాలామంది చదవగలిగేది ఒడియానే. రాసి ఇచ్చామంటే చాలదు, చదివి చెప్పాలి.

ఆ మొదటి రోజు సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. పక్క బల్ల మీద పెద్దాయన ఒకరు మా తెల్ల సూట్లను చూసి నవ్వుతున్నారు. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యారట. మా ప్లాను వెనకాల అంటించిన మ్యాపు చూపించాను. తెలుగు, ఒడియా కలిపి చాలాసేపు చెప్పారు. తర్వాత మేం భోజనానికి టెంటు వేసుకున్న చోట, మ్యాపులో 'తోట' అని ఉన్న పచ్చ రంగు మీద వేలు పెట్టారు.

"తోట తర్వాత వేశారు బాబూ. ముందు మడ్డంతా ఇక్కడే పోసేవాళ్లం."

మర్నాడు ఏడు గంటలకు టెంటు పీకి, గాలి వచ్చే వైపు రోడ్డు పక్కకు మార్చాం. ముందురోజు అన్నం తిన్న చోటు నుంచే మొదటి నమూనా తీశాం.